ఇంగ్లండులో ఏటి యొడ్డు పల్లెయందు అద్దె యిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. అన్యదేశమున అద్దె యిల్లు వెదకుటను కూడ వీని సరసన మూడవదిగా చేర్చవచ్చును. తరతరములుగా తెలుగునేలకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములకు అద్దె యింటి సంగతి క్రొత్తది కాదు. తెలియని భాషలో వ్రాసిన అగ్రిమెంటుపై సంతకము చేయుట యన నేమో మన ముందుతరమువారు బాగుగ నెఱుగుదురు. నేడు మన పాఠశాలలో చదివిన పిల్లలు కొందఱు పై చదువులకును, ఉద్యోగములకును ఇంగ్లండునకు పోవుచున్నారు. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకు ఋణము తీసికొనియో తల్లిదండ్రులు వారిని పంపుచున్నారు. అట్టి ధనము తెలియమిచే నష్టము కారాదు. నగరములలో నుండువారే యెక్కువ గాని, విశ్వవిద్యాలయమునకో, ఆసుపత్రికో చేరువనున్న పల్లెలలో నివసించువారును గలరు. కావున అక్కడి నదీతీరపు చిన్న పల్లెలో ఇల్లు అద్దెకు తీసికొనుట యెట్లో ఇక్కడ వివరించుచున్నాను. ఇందలి చట్టములు ఇంగ్లండునకు మాత్రమే వర్తించును. స్కాట్లండు, వేల్సు దేశములకు వేఱు చట్టములు గలవు.

పల్లె యన నెట్లుండును?

ఉదాహరణమునకు గ్రాంచెస్టరు అను పల్లెను తీసికొందము. అది కేంబ్రిడ్జి నగరమునకు దక్షిణమున సుమారు రెండు మైళ్ల దూరమున, కేమ్ నది యొడ్డున నున్నది. నదివెంబడి పచ్చికబయళ్లమీదుగా కాలిబాటన నడచి నగరమునకు పోవచ్చును. అక్కడ ప్రాచీనమైన చర్చి, కొన్ని పానశాలలు, పండ్లతోట చెట్ల నీడన తేనీరు త్రాగు స్థలము ఒకటి కలవు. ఈ తేనీటి తోట 1897 నుండి ప్రసిద్ధి కెక్కినది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమ ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు చదివిన సెయింట్ జాన్స్ కళాశాల ఈ కేంబ్రిడ్జి నగరముననే యున్నది.

రూపర్ట్ బ్రూక్ అను యువకవి 1909లో నగరము విడిచి ఈ పల్లెకు వచ్చి, ఆ తోట ఇంటిలో గదులు అద్దెకు తీసికొనెను. పిమ్మట ప్రక్కనే యున్న పాత చర్చిగురువుల యింటికి మారెను. ఆ యింటిపేరనే 1912లో అతడు బెర్లినులో నుండి వ్రాసిన కవిత వలన ఈ పల్లె పేరు లోకమంతట వ్యాపించినది. పేరుపడిన పల్లె గనుక ఇక్కడ ఇండ్లు చవుక యని తలపరాదు. ఇట్టి పల్లెలలో ఇండ్లే కొన్ని. వానిలో అద్దె కిచ్చునవి మఱి కొన్ని. బస్సులు తక్కువ. అంగడి యొకటి యున్న నుండును, లేకున్న లేదు. ఇల్లు చూచునపుడే బస్సు వేళలను, రాత్రి చివరి బస్సును తెలిసికొనవలెను.

అద్దెదారు వేఱు, గది తీసికొన్నవాడు వేఱు

బ్రూక్ తొలుత తోట ఇంటిలో నున్న విధమును అక్కడ లాడ్జరుగా నుండుట యందురు. ఇంటి యజమాని నివసించు ఇంటిలోనే ఒక గది తీసికొని, వంటయిల్లో, స్నానాల గదియో అతనితో పంచుకొనువాడు లాడ్జరు. ఇంటిని తన వశమున నుంచుకొని, ప్రత్యేకముగా కాపురముండువాడు టెనెంటు, అనగా అద్దెదారు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని దీని ఫలము పెద్దది. ఈ క్రింద చెప్పబోవు రక్షణలలో పెక్కు అద్దెదారునకే గాని లాడ్జరునకు లేవు. కావున మొదట అడుగవలసిన ప్రశ్న “అద్దె యెంత?” అని కాదు, “యజమాని ఈ యింటనే యుండునా?” అని.

ధనము ఎంత, ఎప్పుడు?

బెంగళూరు, చెన్నై నగరములలో పదినెలల అద్దెను అడ్వాన్సుగా అడుగు వాడుక చిరకాలము నుండి కలదు. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన అద్దెదారుల రుసుముల చట్టము ఇట్టి వాడుకకు హద్దు గీచినది. సంవత్సరపు అద్దె 50,000 పౌనులకు లోబడిన యిండ్లకు అడ్వాన్సు ఐదు వారముల అద్దెను మించరాదు. ఇంటిని మనకొఱకు ఆపియుంచుటకు ముందుగా తీసికొను సొమ్ము ఒక వారపు అద్దెను మించరాదు. ఏజెంటు తన శ్రమకుగాను అద్దెదారునుండి రుసుము వసూలు చేయరాదు.

ఒక లెక్క చేసి చూతము. నెలకు అద్దె 1,300 పౌనులు అనుకొనుడు. సంవత్సరమునకు 15,600 పౌనులు. దానిని 52 వారములచే భాగింపగా వారమునకు 300 పౌనులు. కావున ఆపియుంచుటకు ఇచ్చునది 300 పౌనులు, అడ్వాన్సు 1,500 పౌనులు దాటరాదు. నెలకు నాలుగు వారములని లెక్కించి వారపు అద్దె 325 అని చెప్పువారున్నచో, ఆ లెక్క తప్పని విద్యార్థి గ్రహింపవలెను.

ఈ అడ్వాన్సు యజమాని జేబులో నుండిపోవునది కాదు. 2007 ఏప్రిల్ 6 నుండి దానిని ప్రభుత్వము అంగీకరించిన మూడు రక్షణ పథకములలో నొకదానియందు చేర్చవలె నను నియమము కలదు. సొమ్ము అందిన ముప్పది దినములలోగా యజమాని అట్లు చేసి, ఆ వివరములను అద్దెదారునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. అట్లు చేయని యజమానిచే అడ్వాన్సునకు ఒక రెట్టు మొదలు మూడు రెట్ల వఱకు ఇప్పించు అధికారము కోర్టునకు గలదు. ఇల్లు ఖాళీ చేయునపుడు తగవు వచ్చినచో ఆ పథకము వారే ఖర్చులేకుండ విచారించి తీర్చుదురు.

కాని ఒక హెచ్చరిక. ఇల్లు చూపకుండగనే, చిత్రములు మాత్రము పంపి, “వెంటనే సొమ్ము పంపుడు, లేకున్న మఱియొకరికి పోవును” అని తొందరపెట్టు మోసగాండ్రు గలరు. వారికి ఇక్కడనుండి సొమ్ము పంపిన పిమ్మట ఏ చట్టమును మనలను ఆదుకొనుట కష్టము. స్వయముగనో, నమ్మకమైన తెలిసినవారి ద్వారానో ఇల్లు చూడక ఒక్క పౌనైనను పంపరాదు. తొలినాళ్లకు విశ్వవిద్యాలయపు వసతి గృహమున దిగి, తరువాత వెదకుట క్షేమము.

ఇల్లు ఇచ్చుటకు ముందు యజమాని మన జీతమును, పూర్వపు ప్రవర్తనను విచారించును. 2016 ఫిబ్రవరి 1 నుండి ఇంగ్లండంతటను ఆ దేశమున నివసించు హక్కును గూడ పరీక్షింపవలె నను నియమము కలదు. మనవారు ప్రభుత్వ వెబ్‌సైటు నుండి షేర్ కోడ్ అను సంకేతమును తీసి చూపుదురు. జామీను నిలుచువాడు ఆ దేశమువాడే కావలెనని అడుగుటయు కలదు. ఇది మన విద్యార్థులకు కఠినమైన మెట్టు. జామీను లేనివారు తొల్లి ఆఱునెలల అద్దెను ఒక్కమారుగా చెల్లించి ఆ మెట్టు దాటెడివారు. ఈ పద్ధతిని క్రొత్త చట్టము మార్చినది.

అగ్రిమెంటు కథ

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆయుధ కర్మాగారముల చెంత అద్దెలు పెంచగా, 1915లో గ్లాస్గో నగర స్త్రీలు అద్దె చెల్లించుట మానివేసి పోరాడిరి. ఆ యేడే పార్లమెంటు అద్దెలకు కట్టడి విధించినది. తరువాత డెబ్బదియేండ్లకు పైగా ఏదో యొక రూపమున ఆ కట్టడి నిలిచినది. 1988 నాటి గృహచట్టము క్రొత్త అద్దెల విషయమున దానిని తొలగించినది. ఆ చట్టములోని 21వ విభాగము ననుసరించి, గడువు ముగిసిన పిమ్మట కారణము చెప్పకయే రెండు నెలల నోటీసుతో అద్దెదారుని ఖాళీ చేయింపవచ్చునని యేర్పడెను. గోడ చెమ్మగిల్లినదని ఫిర్యాదు చేసినవానికి ప్రత్యుత్తరముగా నోటీసు వచ్చునేమో యను భయము అద్దెదారులను వెన్నాడెను.

2025 అక్టోబరు 27న రాజాంగీకారము పొందిన అద్దెదారుల హక్కుల చట్టము ఈ స్థితిని మార్చినది. దాని ముఖ్య నియమములు 2026 మే 1 నుండి వర్తించునట్లు నిర్ణయింపబడినవి. అవి యివి. కారణము లేని నోటీసు రద్దు. గడువు గల అగ్రిమెంటులకు బదులు నెలనెలకు సాగు అద్దె. అద్దెదారు రెండు నెలల నోటీసు నిచ్చి వెడలవచ్చును. ఇల్లు అమ్ముకొనుటకో, తాను కాపురముండుటకో కావలెనన్నచో యజమాని నాలుగు నెలల నోటీసు నీయవలెను. ఐనను మొదటి పండ్రెండు నెలలలో ఈ కారణములు చెల్లవు. అద్దెను ఏడాదికి ఒక్కమారే, రెండు నెలల నోటీసుతో పెంచవలెను. అది అధికమని తోచినచో న్యాయమండలికి విన్నవించుకొనవచ్చును. ప్రకటించిన అద్దెకంటె ఎక్కువకు పాట పెట్టరాదు. కాపురము ప్రారంభము కాకముందు ఒక నెలకు మించి అద్దెను ముందుగా పుచ్చుకొనరాదు. ఈ చివరి నియమము సొమ్ము తక్కువగలవారికి మేలు. జామీను దొరకనివారికి చిక్కు. కావున జామీను విషయమును విశ్వవిద్యాలయమువారిని ముందే అడిగి తెలిసికొనవలెను.

పాత యిండ్లు, వాని మరమ్మతులు

ఏటి యొడ్డు పల్లెలలో శతాబ్దముల నాటి యిండ్లు కలవు. గ్లాస్టర్‌షైరులో కోల్న్ నది చెంతనున్న బిబరీ పల్లెలో ఆర్లింగ్టన్ రో అను ఇండ్ల వరుస 14వ శతాబ్దిలో ఉన్ని కొట్టుగా పుట్టి, 17వ శతాబ్దిలో నేతగాండ్ర నివాసముగా మారినది. కంటికి ఇంపైన ఇట్టి ఇండ్లు చలికాలమున వెచ్చగ నుండునని నమ్మరాదు. వారసత్వ కట్టడములుగా నమోదైన ఇండ్లకు కిటికీలు మార్చవలెనన్నను అనుమతి కావలెను. ఇంటి వేడిమి పొదుపును తెలుపు సర్టిఫికెటున ఏ నుండి జీ వఱకు తరగతులు గలవు. సాధారణముగా ఈ తరగతికి తక్కువైన ఇంటిని అద్దె కీయరాదు. కొన్ని మినహాయింపులు గలవు. గ్యాసు గొట్టము చేరని పల్లెలలో నూనె తొట్టితో ఇల్లు వేడి చేయుదురు. మురుగు కాలువ లేనిచోట సెప్టిక్ ట్యాంకు ఉండును. నూనె నింపు ఖర్చు, ట్యాంకు శుభ్రపఱచు ఖర్చు ఎవరివో అగ్రిమెంటులో చూచుకొనవలెను.

ఇంటి గోడలు, పైకప్పు, నీటి గొట్టములు, వేడిమి యంత్రము బాగుచేయు బాధ్యతను 1985 నాటి చట్టము యజమానిపై నుంచినది. గ్యాసు పరికరములను ఏటేటను, విద్యుత్తు తీగలను కనీసము ఐదేండ్ల కొకమారును పరీక్ష చేయించవలెను. ప్రతి అంతస్తునను పొగను పసిగట్టు గంట యుండవలెను. అద్దెతోపాటు స్థానిక పన్నును సాధారణముగా అద్దెదారే చెల్లింపవలెను. ఇంటనున్న వారందఱును పూర్తికాల విద్యార్థులైనచో ఆ పన్ను లేదు.

నది మాట

నది అందమైనది, నది పొంగునది. గోదావరి యొడ్డున నున్న యానాం వాసులకు 1986 ఆగస్టు వరద చెప్పిన పాఠమును వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంగ్లండు నదులు చిన్నవి గాని వాని వరదలు తేలికవి కావు. కార్న్‌వాల్ లోని బాస్కాజిల్ పల్లెను 2004 ఆగస్టు 16న కొలది గంటల వాన ముంచెత్తగా, నూరుమంది వఱకు హెలికాప్టరులలో రక్షింపబడిరి, ప్రాణనష్టము లేదు. కెంటులో మెడ్వే మొదలగు మూడు నదులు కలియుచోటనున్న యాల్డింగ్ పల్లె 2013 క్రిస్మసు దినములలో మునిగెను. ఆ చలికాలముననే సామర్సెట్ లోని మచల్నీ పల్లె వారముల తరబడి ద్వీపమై, జనులు పడవలపై రాకపోకలు సాగించిరి.

ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అను ప్రభుత్వ సంస్థ ఏ యింటికి ఎంత వరదభయము కలదో ఉచితముగ తెలుపును. నూటికి ఒక వంతు వరద యన్నచో నూరేండ్లకొక్కమారు వచ్చునని యర్థము కాదు. ప్రతి యేడును నూటికి ఒక పాలు అవకాశమున్నదని యర్థము. పదియేండ్లు కాపురమున్నచో అది ఇంచుమించు పదింట ఒక పాలగును. ఆ సంస్థ మూడు మెట్ల హెచ్చరికలు చేయును: మొదటిది సిద్ధముగ నుండుడని, రెండవది వెంటనే పూనుకొనుడని, మూడవది ప్రాణాపాయమని. ఫోనునకు వీనిని ఉచితముగ తెప్పించుకొనవచ్చును.

ఇల్లు చూచునపుడు “ఈ యిల్లు ఎన్నడైన మునిగినదా? నీరు ఎంత ఎత్తు వచ్చినది?” అని అడిగి, జవాబును వ్రాతమూలకముగ తీసికొనుడు. విద్యుత్తు మీటలు గోడపై ఎంత యెత్తున నున్నవో చూడుడు. యజమాని చేయు బీమా ఇంటి గోడలకు గాని మన పుస్తకములకును, బట్టలకును కాదు. సామానుల బీమా మనమే చేసికొనవలెను. సర్టిఫికెట్లను పై అంతస్తున నుంచవలెను.

చివర రెండు మాటలు

తాళపుచెవులు తీసికొన్న దినముననే ప్రతి గదిని, ప్రతి మరకను ఫోటో తీసి, యజమాని యిచ్చిన సామానుల పట్టీతో సరిచూచి, భేదమున్నచో ఆ వారములోనే వ్రాసి పంపుడు. వాడుకచే కలుగు సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. కాని ఋజువు లేనిచో ఏది పాతదో ఏది క్రొత్తదో తేల్చుట కష్టము. చెమ్మ కనబడినపుడు నోటిమాటతో సరిపెట్టక ఉత్తరము వ్రాయుడు.

పల్లెలో అందఱు అందఱిని ఎఱుగుదురు. చెత్తబుట్టను నియమిత దినమున వెలుపల నుంచుట, రాత్రివేళ సద్దు చేయకుండుట, ఎదురైనవారిని పలుకరించుట అక్కడి మర్యాదలు. వరద వచ్చిన రాత్రి తలుపు తట్టి లేపువాడు ప్రక్కింటివాడే.

చదువు నేర్చుట కాగితము చదివి గ్రహించుటకు గదా! సంతకము చేయుటకు ముందు ప్రతి పంక్తిని చదువుడు. అర్థము కానిదానిని అడుగుడు. అడుగుటలో చిన్నతనము లేదు. తల్లిదండ్రులారా, సొమ్ము పంపుటకు ముందు పిల్లలను ఈ ప్రశ్నలు అడుగుడు. చట్టము తన్ను ఎఱిగినవానికే అండగా నిలుచును.