చలికి గడ్డకట్టిన రసాయనాన్ని కరిగించేదెలా?

డిసెంబరు, జనవరిల్లో ఆదిలాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. ఆ చలికి కాలేజీ ల్యాబ్‌లోని గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్ తెల్లారేసరికి తెల్లటి గడ్డయిపోతుంది. అది పాడైనట్టు కాదు. 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం దాని స్వభావం.

అయితే దాన్ని బర్నర్ మీదో, హాట్ ప్లేట్ మీదో పెట్టకూడదు. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తే, ఈ ఆమ్లం కరిగేటప్పుడు వ్యాకోచిస్తుంది. అడుగున ముందు కరిగిన ద్రవానికి పైనున్న గడ్డ అడ్డుపడితే సీసా పగిలే ప్రమాదముంది. పైగా 40 డిగ్రీల దగ్గర దాని ఆవిరికి నిప్పు అంటుకోగలదు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, మూత కాస్త వదులు చేసి, ఫ్యూమ్ హుడ్‌లో 25–30 డిగ్రీల నీటిలో సీసాను నిలబెట్టాలి. గడ్డంతా కరిగాక కలిపి వాడాలి. ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు శుద్ధమైన ఆమ్లం ముందు స్ఫటికాలవుతుంది. నీరు, మలినాలు మిగిలిన ద్రవంలో చేరతాయి.

ఈ విడిపోవడమే యాక్రిలిక్ ఆసిడ్ విషయంలో ప్రాణాంతకం కావచ్చు. ఇది 13 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. దాని అణువులు తమంతట తాము గొలుసులుగా కలిసిపోకుండా అందులో కొద్దిగా నిరోధకం కలుపుతారు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉంటేనే అది పనిచేస్తుంది. స్ఫటికాల్లోకి నిరోధకం దాదాపు చేరదు. సగం కరిగిన డ్రమ్ములోంచి ద్రవాన్ని తోడేస్తే, రక్షణంతా దానితోనే పోతుంది. మిగిలిన గడ్డ కరిగాక అణువులు కలవడం మొదలవుతుంది, ఆ చర్యలో పుట్టే వేడి దాన్ని ఇంకా వేగిరపరుస్తుంది, చివరకు డ్రమ్ము పేలిపోవచ్చు.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి వెలువడిన దుర్ఘటన గడ్డకట్టడం వల్ల జరిగింది కాదు. కానీ అక్కడా ఇలాంటి గొలుసు చర్యే అదుపు తప్పింది. నిరోధకం చాలకపోవడం ఒక కారణమని ప్రభుత్వ కమిటీ తేల్చింది.

అందుకే యాక్రిలిక్ ఆసిడ్‌కు వాడే నీరు 35 డిగ్రీలు దాటకూడదు. నేరుగా ఆవిరి గానీ, హీటరు గానీ తగలనివ్వకూడదు. పూర్తిగా కరిగి, నిరోధకమూ ఆక్సిజనూ అంతటా కలిసేదాకా చుక్క కూడా తీయకూడదు. అసలు గడ్డకట్టనివ్వకపోవడమే మేలు: ఫ్రిజ్‌లో కాకుండా 15–25 డిగ్రీల మధ్య నిలవ చేయాలి. స్టోర్‌రూమ్‌లో ఒక థర్మామీటరు పెట్టి, ప్రతి సీసా మీదా అది గడ్డకట్టే ఉష్ణోగ్రతను పెద్ద అక్షరాలతో రాయండి. పొద్దున్నే తలుపు తీసే అటెండరుకు ‘వేడి చేయొద్దు’ అని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు వద్దో కూడా చెప్పండి.