పందా? జింకా?

మూషిక జింకను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చిన్నబుచ్చుకోనక్కరలేదు. అడవిలో పుట్టి పెరిగినవారికే అది అరుదుగా కంటబడుతుంది. ఎత్తు జానెడు పైచిలుకు, బరువు సుమారు 3 కిలోలు. గోధుమవన్నె ఒంటిమీద తెల్లని చుక్కలు, చారలు. పగలంతా చెట్టుతొర్రలోనో బండసందులోనో నక్కి, చీకటిపడ్డాక రాలిన పండ్లు ఏరుకు తింటుంది.

మొన్న గోదావరిఖనిలో మా తరగతిలో సమాసాలు చెబుతూ యీ మాటను ఉదాహరణగా వాడాను. వెనక బెంచీలోంచి గోదావరి అవతలి వూరి కుర్రవాడు లేచి, “మా తాత దాన్ని కురుపంది అంటడు సార్” అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. యింటికి వెళ్లి పుస్తకాలు తిరగేశాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

1867లో జెర్డన్ దొర అచ్చువేసిన భారతదేశపు క్షీరదాల గ్రంథంలో దీని తెలుగు పేరు కురుపందే! ‘కురు’ అంటే పొట్టి. కురుచ అన్న మాటలో వున్నది అదే. మరి పంది అనడమెందుకు? జంతుశాస్త్రం ప్రకారం యిది అసలు జింకే కాదు, దీని కుటుంబమే వేరు. కొమ్ములుండవు. మగదానికి పైదవడనుంచి కోరలు దిగుతాయి. కాలికి నాలుగు వేళ్లూ పూర్తిగా ఎదిగివుంటాయి. అలాగని పందీ కాదు; నెమరువేస్తుంది. ఆవు పొట్టలో నాలుగు అరలుంటే దీనికి మూడే. మనం మొహం చూసి జింక అన్నాం. అడవివాళ్లు కోరలూ కాళ్లూ చూసి పంది అన్నారనుకోవాలి.

యిలాంటి ముచ్చటే కెనడాలోనూ జరిగింది. వాయవ్యాన సాహ్తూ ప్రాంతంలోని దెనె ప్రజలు కారిబూ అనే మంచుదేశపు దుప్పిని మూడు పేర్లతో, మూడు రకాలుగా చెప్పుకుంటారు. శాస్త్రజ్ఞులు వారి సాయంతో మంచుమీది పేడ సేకరించి డి.ఎన్.ఏ. పరీక్షించారు. 2016లో వెలువడిన ఫలితాల్లో ఆ పేర్ల తేడాలు జన్యువుల్లోనూ కనిపించాయి. తాతలు చెప్పిన మాటకు ప్రయోగశాల సాక్ష్యం పలికిందన్నమాట.

మన కురుపందికీ ప్రయోగశాల అండ దొరికింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ సంస్థ, నెహ్రూ జంతుప్రదర్శనశాలతో కలిసి 2010లో వీటి పెంపకం మొదలుపెట్టింది. పెంటికల్లోని హార్మోన్లను బట్టి, జంతువును పట్టకుండానే చూలు తెలుసుకునే పద్ధతి కనిపెట్టారు. కొద్ది జంతువులతో మంద పెంచేటప్పుడు పెద్ద చిక్కు మేనరికం. తరతరాలుగా దగ్గరి రక్తమే కలిస్తే సంతతి నీరసిస్తుంది. ఏది దేనికి చుట్టమో చెప్పడానికి జన్యుపరీక్షను మించిన పురోహితుడు లేడు. అలా పెరిగిన మందలోంచి కొన్నింటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు.

వదిలాక? అక్కడ ప్రయోగశాల చేయి అందదు. కెమెరా పెట్టినచోటే చూస్తుంది. ఏ చెట్టు పండు ఎప్పుడు రాలుతుందో, ఏ తొర్రలో ఏం దాగుతుందో ఎరిగినవారు చెంచులు. నల్లమలలో అడుగుజాడలు పట్టే పనికీ కాపలాకూ అటవీశాఖ వారినే పెట్టుకుంటుంది. ఆ చెంచు గూడేలనే అడవి నడిమినుంచి తరలించాలన్న ప్రతిపాదనలూ నడుస్తున్నాయి! జంతువు రక్తాన్ని సీసాలో దాచవచ్చు. దాని ఆనవాళ్లు తెలిసిన మనిషిని ఏ సీసాలో దాస్తాం?

మా బొగ్గుబావుల సీమ సంగతీ అంతే. తవ్విపోసిన మట్టిగుట్టలమీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. కాని ఆ నేలమీద వెనుక తిరిగిన మృగాల పేర్లు ముసలివారి నాలుకలమీదే వున్నాయి. అందుకే మా విద్యార్థులకు ఒక పని పురమాయించాను: యింట్లో తాతనో అవ్వనో కూర్చోబెట్టి, వారికి తెలిసిన జంతువుల పేర్లన్నీ రాసుకురావాలి.

మొదటి నోటుబుక్కు ఆ వెనక బెంచీ కుర్రవాడిదే వచ్చింది. అందులోని పేర్లలో సగం నాకు తెలియవు.