మునిగిన క్రాంకు, తిరిగిన క్రాంకు

మా మేనల్లుడి స్ప్లెండర్ వాళ్ళ నాన్న హయాంలోది. హీరో, హోండా ఇంకా విడిపోని రోజుల నాటి బండి. ముమ్మిడివరం నుంచి అమలాపురం వెళ్ళాలన్నా, చెరువు గట్ల మీద రొయ్యల మేత బస్తా మొయ్యాలన్నా అదే దిక్కు. నిరుడు వేసవిలో ఇంజిను అడుగు నుంచి చప్పుడు మొదలైంది. షెడ్డుకి తోసుకెళ్తే మేస్త్రి ఒక్క కిక్కు కొట్టి, నాలుగు క్షణాలు విని ఆపేశాడు. "టాపెట్లు కావండి. రాడ్డు కొడతంది. క్రాంకు పోయింది, ఫుల్ ఇంజిను పని" అన్నాడు. కొత్త క్రాంకు, లేత్ కూలి, మిగతా సామాను అన్నీ కాగితం మీద కూడేసరికి కుర్రాడి మొహం చిన్నబోయింది. ఇంకాస్త వేస్తే పాత బండే వచ్చేలా ఉంది.

"పాత క్రాంకు వేస్తే కుదరదా మావయ్యా?"

రాజమండ్రిలో ఒక పాత సామాన్ల కొట్లో రెండు దొరికాయి. కొట్టాయన గోనె పట్టా పరిచి పక్కపక్కన పెట్టాడు. ఒకటి 80 వేల కిలోమీటర్లు తిరిగిన బండిదట, ఆయిలు జిడ్డుతో నల్లగా ఉంది. రెండోది 15 వేలు కూడా తిరగలేదట. ఎమరీ కాగితం పెట్టి రుద్దారేమో, గిన్నెలా మెరుస్తోంది. రేటు కూడా దానికే ఎక్కువ. కుర్రాడి చెయ్యి మెరిసేదాని మీదికే పోయింది. ఆ చేతిని ఎందుకు వెనక్కి లాగానో చెప్పడానికే ఇదంతా.

ముందు ఆ 80 వేల సంగతి చూద్దాం. స్ప్లెండర్ టాప్ గేరులో ఒక కిలోమీటరు పోయేసరికి క్రాంకు సుమారు 6,000 చుట్లు తిరుగుతుంది. అంటే ఆ నల్ల క్రాంకు 48 కోట్ల చుట్లు తిరిగి వచ్చింది. ఊరికే తిరగడం కాదు. బండి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు పిస్టన్ పైదాకా వెళ్ళి వెనక్కి మళ్ళే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకు 800 రెట్ల పైమాటే. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 100 గ్రాములనుకుంటే, కనెక్టింగ్ రాడ్డుకు ఆ క్షణంలో 80 కేజీల మనిషి వేలాడినట్టు. పెట్రోలు మండినప్పుడు సంగతి తిరగబడుతుంది. 50 మిల్లీమీటర్ల పిస్టన్ నెత్తిన 40 బార్ల పీడనం పడిందనుకున్నా దాదాపు 800 కేజీల తోపుడు. లాగుడు, తోపుడు, లాగుడు, తోపుడు. ఇన్ని కోట్ల సార్లు ఇలా సతాయిస్తే ఏ ఇనుమైనా విరగదా?

ఈ ప్రశ్న ఒకప్పుడు రైళ్ళవాళ్ళకూ వచ్చింది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తగలబడ్డాయి. 50 మందికి పైగా చనిపోయారు. బరువు మోయలేక విరిగిన ఇరుసు కాదది. మోసి మోసి విరిగింది. తర్వాత జర్మనీ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులకు బరువు కట్టి, అవి విరిగేదాకా తిప్పుతూ ఏళ్ళ తరబడి లెక్కలు రాశాడు. బరువు తగ్గిస్తే ఇరుసు ఎక్కువ చుట్లు ఓర్చుకుంది. ఇది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఇంకొకటి: ఉక్కు విషయంలో ఒక హద్దుకు దిగువన బరువు వేస్తే ఎన్ని చుట్లు తిప్పినా అది విరగడం లేదు. దాన్ని ఓర్పు హద్దు అనుకుందాం. పరీక్షశాలల్లో కోటి చుట్లు ఓర్చుకున్న ఉక్కును ఇక విరగనిదిగానే లెక్కేస్తారు. మన నల్ల క్రాంకు ఆ పరీక్షను 48 సార్లు రాసి పాసైనట్టు. రాడ్డు, క్రాంకు పిన్ను ఓర్పు హద్దుకు బాగా దిగువన పనిచేసేలాగే తయారీదారు కొలతలు వేసుకుంటాడు. అందుకే ఉక్కు సామానుకు తిరిగిన కిలోమీటర్లు అంత పెద్ద నేరం కాదు.

అల్యూమినియానికి ఈ వరం లేదు. దానికి ఓర్పు హద్దంటూ ఉండదు. ఎంత చిన్న బరువైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు లెక్క తీరుతుంది. పాత పిస్టన్ ఎంత బాగా కనిపించినా తిరిగి వాడకండని నేను మొండిగా చెప్పేది అందుకే.

ఇక ఉక్కు ఓర్పుకు ఒక షరతుంది. ఆ హద్దు నునుపైన, పొడిగా ఉన్న, తుప్పెరగని ఉక్కుకే. తుప్పు తిన్నచోట సూదిమొనంత గుంట పడుతుంది. మీద వచ్చే బలమంతా ఆ గుంట అడుగున పోగుపడి, పగులు అక్కడే పుడుతుంది. ఇంక ఉప్పునీటి తడి తగులుతూనే పనిచేసే ఉక్కుకైతే ఓర్పు హద్దన్నదే మాయమైపోతుంది, అల్యూమినియం జాతకమే దానికీ పడుతుంది.

ఇప్పుడు మన కోనసీమ గాలి సంగతి తలుచుకోండి. ఒక పక్క సముద్రం, ఒక పక్క గౌతమి, మధ్యలో ఉప్పునీటి చెరువులు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే దానంతటదే నీరుకారుతుంది. మన వంటింట్లో ఉప్పుజాడీ రోజూ చెప్పే సంగతే ఇది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి ఇందులో సగం తేమ చాలు. అంటే సామాను మీద ఒకసారి ఉప్పు పేరుకుంటే ఎండలో పెట్టినా పూర్తిగా ఆరదు. ఇక వరదలు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వారంలో ఇక్కడి లంకల్లో ఇళ్ళే మునిగాయి, ఇంటి ముందు బళ్ళు మునగడం ఒక లెక్కా? అలాంటివాటిలో బాగుచేయించుకోనివి చివరికి చేరేది పాత సామాన్ల కొట్టుకే. అక్కడ వాటికి ఉన్న ఒకే ఒక ఘనత, 'తక్కువ తిరిగిన బండి' అనిపించుకోవడం.

మెరిసే క్రాంకును చేతిలోకి తీసుకున్నాను. దాని పక్క బేరింగును చూపుడువేలితో మెల్లగా తిప్పాను. మంచి బేరింగు నూనెలో వేలు పెట్టినట్టు జారాలి. ఇది అడుగడుక్కీ గరుకుమంటోంది. వెలుతురుకు పెట్టి గోళీల సందుల్లోంచి చూస్తే లోపలి గాడి మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. చిత్రమేమిటంటే, మచ్చకూ మచ్చకూ మధ్య ఎడం సరిగ్గా గోళీకీ గోళీకీ మధ్య ఉన్న ఎడమే. అదే ఆ క్రాంకు ఆత్మకథ. నీళ్ళొచ్చి పోయాక కూడా గోళీ గాడికి ఆనుకున్న సన్నని సందులో తడి నిలిచిపోతుంది, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు. బండి కదలకుండా పడుంది కాబట్టి ప్రతి గోళీ తన కిందే ఒక తుప్పు ముద్ర వేసింది. రోజూ తిరిగే బండిలో ఇలాంటి ముద్రలు పడవు. కొట్టాయన్ని అడిగితే దబాయించలేదు. "ఆయ్, నీళ్ళల్లో పడుకున్న బండేనండి" అన్నాడు.

"బేరింగులు కొత్తవి వేయించుకుందాం, క్రాంకు బాగానే ఉందిగా?" అన్నాడు మావాడు. పక్క బేరింగులు మార్చొచ్చు, నిజమే. కానీ రాడ్డు పెద్ద తలకాయ లోపల రోలర్లున్నాయి. క్రాంకును ప్రెస్సులో విడదీస్తే తప్ప అవి కనబడవు. బయటి బేరింగులోకి వెళ్ళిన నీళ్ళు అక్కడికి వెళ్ళలేదని ఎవరు హామీ ఇస్తారు? ఎమరీ కాగితం పైతుప్పును తీస్తుంది గాని గుంట అడుక్కి అందదు. రాడ్డు అంచున నల్లటి చుక్కలు అలాగే ఉన్నాయి.

నల్ల క్రాంకును పరీక్షించడానికి అరగంట పైనే పట్టింది. రాడ్డును నిటారుగా పట్టుకుని పైకీ కిందికీ గుంజాలి. అలా వెంట్రుకంత కదిలినా వద్దు. పక్కలకు కాస్త జరిగితే ఫర్వాలేదు, అది ఉండాల్సిన సందే. తర్వాత రాడ్డు మొత్తం తుడిచి, కిరసనాయిలు పూసి, అరగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా ఒత్తి, సుద్దపొడి రాశాం. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి సన్నటి చార కనిపిస్తుంది. మెరిసే క్రాంకు బేరింగులో తడిని దాచిన శక్తే ఇక్కడ పగులును బయటపెడుతుంది. ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకు చేసిన పరీక్ష ఇలాంటిదే. చార రాలేదు. తిరిగొచ్చాక లేత్ షాపులో డయల్ గేజ్ పెట్టి వంకర లేదని కూడా చూపించుకుని, పక్క బేరింగులు మాత్రం కొత్తవి వేయించాం. బేరింగు ఖరీదులో కక్కుర్తి పడకూడదు. గోళీ మీద బరువు రెట్టింపైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, పాతదాని మీద ఎంత బరువు పడిందో మనకు తెలీదు.

ఇక బ్లాకు. పాత బ్లాకు కొనాలా, ఉన్నదాన్నే బోర్ కొట్టించాలా అన్నదానికి మైక్రోమీటరు లేకపోయినా తీర్పు చెప్పొచ్చు. ఒక ఫీలర్ గేజ్, ఒక రింగు చాలు. రింగు పాతదైనా సరే. సిలిండరు అడుగున రింగులు తాకని చోట అరుగుదల ఉండదు. రింగును అక్కడ పెట్టి, వంకర పోకుండా పిస్టన్ తలతో తోసి సరిచేసి, మూతుల మధ్య సందు కొలవండి. తర్వాత అదే రింగును పైన, పిస్టన్ మళ్ళే చోటికి జరిపి మళ్ళీ కొలవండి. అరిగేది ఎక్కువగా అక్కడే. పిస్టన్ ఆగి తిరిగేచోట నూనె పొర పలచబడుతుంది, మండిన గ్యాసు రింగు వెనక దూరి దాన్ని గోడకేసి అదుముతుంది. మాకు కింద 0.25, పైన 0.60 వచ్చింది. తేడా 0.35 మిల్లీమీటర్లు. చుట్టుకొలత పెరిగినంతే రింగు మూతి తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం ఎంత అరిగిందో వస్తుంది, 0.11. హైస్కూల్లో బట్టీపట్టిన పై విలువ షెడ్డులో పనికొస్తుందని మావాడు అనుకోలేదు. ఈ సైజు ఇంజిన్లకు 0.10 లోపే హద్దు. సొంత బ్లాకునే బోర్ కొట్టించి 0.25 ఓవర్ సైజు పిస్టన్, రింగులు కొత్తవి వేశాం. ఒకరి సిలిండర్లో అరిగిన రింగును ఇంకొకరి సిలిండర్లో వేస్తే ఇద్దరి చెప్పులు కలిపి తొడుక్కున్నట్టే, గ్యాసు దాటుతుంది, పొగ కొడుతుంది.

గేర్లు పాతవైనా బెంగ లేదు, జతగా తీసుకోండి, పళ్ళ మీద గుంటలూ పక్క కొక్కేల మూలలు గుండ్రబడటమూ చూసుకోండి. మూలలు పోతే గేరు జారుతుంది. హెడ్డును బోర్లా పెట్టి పోర్టుల్లో పెట్రోలు పోస్తే వాల్వుల దగ్గర చెమర్చకూడదు. గాస్కెట్లు, ఆయిల్ సీళ్ళు, సర్‌క్లిప్పులు, టైమింగ్ చైను పాతవి ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

క్రాంక్ కేసు జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఇంజిన్ నంబరు ఉండేది దానిమీదే, అదే ఆర్సీ పుస్తకంలోనూ ఉంటుంది. మార్చాల్సి వస్తే ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి. 15 ఏళ్ళు నిండిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే రోజున ఆ నంబరే చూస్తారు. పాత సామానుకు కూడా కాగితం మీద బిల్లు అడగండి. ఇవ్వనంటే ఆ సామాను ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకు అక్కర్లేదు, బయటికి దారి మాత్రం తెలిస్తే చాలు.

బోర్ కొట్టించాక మొదటి 500 కిలోమీటర్లకే ఆయిలు మార్చండి, వెయ్యి దాటేదాకా 50 వేగం మించకండి. ఆ వెయ్యి అయ్యిందో లేదో తెలియాలంటే ముందు మీటరు కేబులు వేయించుకోండి. మావాడి బండికి అది తెగిపోయి ఏళ్ళయిందని అన్నీ బిగించాక గుర్తొచ్చింది.