అడవికి ఎరువు ఎవరు వేస్తారు?

చలికాలం చివరికి నల్లమలలో టేకు, నల్లమద్ది, తునికి ఆకు రాలుస్తాయి. ఎండాకాలమంతా నేల మీద ఎండుటాకు పరచుకుని ఉంటుంది. వానాకాలం వెళ్లేసరికి అందులో చాలా భాగం కనబడదు. అదంతా ఎటు పోతుంది? ఎవరూ ఎరువు చల్లకుండా అడవి ఏటా ఎలా చిగురిస్తుంది?

ఆకును చెట్టు ఉన్నదున్నట్టే పారేస్తుందా?

పారేయదు. ఆకు పండుబారుతుండగానే అందులోని నత్రజని, భాస్వరాల్లో ఇంచుమించు సగం వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటుంది. కణాల గోడల్లో బిగిసిపోయిన కాల్షియం మాత్రం ఆకుతోపాటే రాలుతుంది.

రాలిన ఆకు ఎలా కుళ్లుతుంది?

తొలకరి వాన పడగానే మొదట పొటాషియం, చక్కెరలు కరిగి నేలలోకి దిగుతాయి. చెదలు, రోకలిబండలు, వానపాములు ఆకును ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీద బ్యాక్టీరియా, శిలీంధ్రాలు పని మొదలుపెడతాయి. సెల్యులోజ్ త్వరగానే విడిపోతుంది. చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ మొండిది. దాన్ని పూర్తిగా విడగొట్టగలిగేవి ముఖ్యంగా కొన్ని రకాల శిలీంధ్రాలే.

కుళ్లగానే నత్రజని వేళ్లకు అందుతుందా?

వెంటనే అందదు. ఎండుటాకులో ఒక పాలు నత్రజనికి 50 పాళ్లో, అంతకు మించో కర్బనం ఉంటుంది. సూక్ష్మజీవులకు సరిపడేది 25 పాళ్ల దగ్గర. అందుకని తక్కువైన నత్రజనిని అవి నేల నుంచే తీసుకుంటాయి. కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోయేకొద్దీ లెక్క మారుతుంది. మిగులు నత్రజని అప్పుడు బయటపడుతుంది. ఈ ఆలస్యమే అడవికి రక్ష. జోరువానల్లో కొట్టుకుపోవలసిన నత్రజని సూక్ష్మజీవుల ఒంట్లో భద్రంగా ఉండి, తర్వాత మెల్లగా వేళ్లకు చేరుతుంది.

అన్ని ఆకులూ ఒకేలా కుళ్లవెందుకు?

నత్రజని ఎక్కువున్న మెత్తటి ఆకు తొందరగా కుళ్లుతుంది. మన రైతులు వరిమడిలో కానుగాకు తొక్కించింది అందుకే. టానిన్లు, లిగ్నిన్ ఎక్కువున్న ఆకు ఆలస్యం చేస్తుంది. వేడి, తేమ కూడా ముఖ్యమే: సైబీరియా చలిలో సూదాకులు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి.

కాలిస్తే వచ్చే బూడిదా ఎరువే కదా?

కొంతవరకే. మంటలో నత్రజనిలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలిన బూడిదను బోడి వాలు మీద తొలివాన కడిగేస్తుంది. అందుకే అడవిలోనే కాదు, పెరట్లోనూ ఆకులకు నిప్పు పెట్టకండి. చెట్టు మొదట్లో పరిచి తడి ఆరకుండా చూడండి; మిగతా పని నేలే చేసుకుంటుంది.