ఆగని వాపు, ఎదిగే కణితి

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, సలపడం మీరు గమనించే ఉంటారు. తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి సూక్ష్మజీవులతో పోరాడుతున్నాయన్నమాట. దీనినే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. గాయం మానగానే ఇది ఆగిపోవాలి. ఏళ్ల తరబడి ఆగకపోతే?

1863లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో కణితుల్లో తెల్ల రక్తకణాలను గమనించారు. అవి కణితికి కారణమా, లేక కణితి ఏర్పడ్డాక వచ్చి చేరినవా? మైక్రోస్కోపులో చూసినంత మాత్రాన ఈ సంగతి తేలదు.

2004లో అమెరికాలో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ కారిన్ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం చూడండి. వాపు ఉన్నచోట కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ చురుకవుతుంది. అది కణాన్ని చావకుండా కాపాడుతుంది. దానిని చురుకుపరిచే ఎంజైమును పేగు లోపలి పొర కణాల్లో లేకుండా చేసి, పేగువాపును, క్యాన్సర్‌ను కలిగించే రసాయనాలు ఇచ్చారు. వాపు తగ్గలేదు, కణితులు మాత్రం సుమారు 80 శాతం తగ్గాయి. చెడిపోయిన కణాలు బతికి కణితిగా మారే బదులు చనిపోయాయి. అదే ఎంజైమును కొన్ని తెల్ల రక్తకణాల్లో తొలగిస్తే కణితుల పరిమాణం తగ్గింది. అంటే, రక్షించవలసిన కణాలే కణితి ఎదుగుదలకు తోడ్పడుతున్నాయి!

ప్రతి వాపూ క్యాన్సర్‌గా మారదు. కానీ హెపటైటిస్-బి వైరస్ కాలేయంలో దీర్ఘకాలం వాపు కలిగించి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పుట్టగానే మొదలుపెట్టే టీకా ఆ ముప్పును మొదట్లోనే అడ్డుకుంటుంది.