ఇష్టానికీ ఓ ధర కడదాం

కారు కొనాలనుకోగానే మన ఇళ్లల్లో ముందు వచ్చే ప్రశ్న ‘మైలేజీ ఎంత?’ అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ దానికి మనమిచ్చే ప్రాధాన్యం మరీ ఎక్కువ. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్నే తీసుకోండి. లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చే కారు 545 లీటర్ల పెట్రోలు తాగితే, 18 ఇచ్చేది 667 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయలు అనుకుంటే తేడా ఏడాదికి 13 వేలు, నెలకు వెయ్యి పైచిలుకు. ఇక ఎవరూ అడగని లెక్క చూద్దాం. షోరూము ధర 9 లక్షలున్న కారుకు బీమా కంపెనీలు కట్టే విలువ మొదటి ఆర్నెల్లలోనే 5 శాతం, ఐదో ఏట 50 శాతం తగ్గుతుంది. మోడల్‌ని బట్టి బజారు ధర కాస్త అటూ ఇటూ ఉన్నా, ఐదేళ్లలో సుమారు నాలుగున్నర లక్షలు కరిగిపోయినట్టే. తెలంగాణలో ఆ ధర కారుకు లైఫ్ టాక్స్ 14 శాతం, అంటే 1,26,000 రూపాయలు. రిజిస్ట్రేషన్‌తో పాటే అదీ కట్టేయాలి. ఈ రెండూ కలిపి అరవై నెలలకు పంచితే నెలకు 9,600. బంకు దగ్గర కళ్లకు కనిపించే వెయ్యి గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తాం, చప్పుడు లేకుండా పోయే తొమ్మిదిన్నర వేల ఊసే ఎత్తం.

లెక్క పూర్తిగా వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అన్నింటికన్నా పెద్దదైన ఈ తరుగు ఒక్క యంత్రం అరుగుదల వల్ల వచ్చేది కాదు. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే చోట కాసేపు నిలబడితే తెలుస్తుంది. కొనేవాడు వంగి టైరు పక్కనున్న నాలుగంకెలు చదువుతాడు. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. తలుపు రబ్బరు బీడింగు పక్కకు లాగి, లోపల మళ్లీ రంగు వేసిన జాడ ఉందేమో వేలితో తడిమి చూస్తాడు. ఇంతవరకూ బండి పరీక్షే. ఆ తర్వాత మొదలవుతుంది అసలు బేరం: ఏ కంపెనీ, ఏ రంగు, ఈ మోడల్‌ని ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు? వయసూ, తిరిగిన దూరమూ, కండిషనూ ఒకటే అయినా ధరలు వేరవుతున్నాయంటే, ఆ తేడా జనం అభిరుచికి కట్టిన వెల. అందుకే రీసేల్ ఒక్కటే చూసుకుని కొనేవారు ఇష్టాన్ని పక్కనపెట్టి లెక్క ప్రకారం కొన్నామనుకుంటారు గానీ, నిజానికి ఐదేళ్ల తర్వాత రాబోయే ముక్కూమొహం తెలియని మనిషి ఇష్టానికి ఇప్పుడే డబ్బు కడుతున్నారు.

ఆ జోస్యమైనా ఫలిస్తుందన్న భరోసా లేదు. పెట్రోలుకూ డీజిలుకూ ధరలో పెద్ద అంతరం ఉన్న రోజుల్లో, ఎక్కువ పోసైనా డీజిల్ కారు కొనడమే తెలివైన పని అనేవారు. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి సుజుకీ డీజిల్ కార్ల తయారీనే మానేసింది. లెక్కల మనిషిగా పేరు తెచ్చుకున్నవాడు వేసిందీ ఒక అంచనానే.

ఇష్టం పేరుతో దుబారా చేయమంటున్నారా అని ఎవరైనా అడగవచ్చు. కాదు, ఇష్టానికి ధర కట్టమంటున్నాను. చవగ్గా గడిచే కారుకీ, మనసు పడ్డ కారుకీ తరుగు, వడ్డీ, బీమా, పెట్రోలు, సర్వీసింగ్ అన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో పక్కపక్కనే రాయండి. తేడా నెలకు రెండు వేలు వస్తే, మీ ముచ్చట ఖరీదు ఆ రెండు వేలు. అది ఇవ్వదగిందో కాదో అప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు. మోజు ఏడాదిలో తీరిపోతుందన్న మాటా నిజమే. విజయవాడ మే నెల ఎండలో సన్‌రూఫ్ తెరిచేవాళ్లు ఎందరు? కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మ పట్టు అక్కర్లేకుండా ఎక్కి కూర్చోగల సీటు ఎత్తు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎడమకాలికి పని తప్పించే ఆటోమేటిక్ గేరు రోజూ అక్కరకొచ్చేవి. వీటిని విలాసాల పద్దులో వేయడం అన్యాయం.

పైగా నచ్చిన కారును మనిషి త్వరగా వదలడు. అదే 9 లక్షల కారును పదేళ్లు ఉంచుకుని లక్షన్నరకు అమ్మినా, తరుగూ పన్నూ కలిపి నెలకు 7,300కి దిగుతుంది. బండి పాతబడ్డాక రిపేర్లు, టైర్లు, బ్యాటరీలు అందులో కొంత మింగేస్తాయి, నిజమే. అయినా ఐదో ఏటనే మార్చేసిన దానికన్నా నెలకు 2,300 తక్కువతో మొదలవుతున్నాం. మొదట చూసిన మైలేజీ తేడాకు ఇది రెట్టింపు.

జీతం రాళ్లు లెక్కపెట్టుకుని బతికే ఇంట్లో ఈ ఇష్టాల మాటెందుకని కొందరంటారు. అక్కడ లెక్కదే పైచేయి, సందేహం లేదు. అయితే ఆ ఇంట్లోనే ఈఎంఐ తగ్గుతుందని అప్పును ఏడేళ్లకు సాగదీయడం మామూలైపోయింది. 9 శాతం వడ్డీకి 7 లక్షలు తీసుకుంటే ఐదేళ్లలో వడ్డీ 1.72 లక్షలు, ఏడేళ్లలో 2.46 లక్షలు. అదనంగా కట్టిన ఆ 74 వేలతో అమ్మ కూర్చునే సీటు ఎత్తు పెరగదు, మైలేజీ కూడా పెరగదు.