తెరమీది తడబాటు

1978లో జపానుదేశమున టైటో సంస్థలో పనిచేయుచుండిన తొమొహిరో నిషికాడో అను ఇంజనీరు స్పేస్ ఇన్వేడర్స్ అను వినోదయంత్రమును నిర్మించినప్పుడు, అందలి ఇంటెల్ 8080 ప్రాసెసరు తెరమీది గ్రహాంతరవాసుల నందరిని ఒక్కపెట్టున వడిగా కదలింపలేక మెల్లగా నడచుచు, ఆటగాడు వారిని కూల్చినకొలదిని భారము తగ్గి వేగము పుంజుకొనుచుండెను. ఆయన ఆ లోపమును దిద్దక అట్లే యుంచెను; ఆట ముదిరినకొలది వడి హెచ్చుట దానికి గొప్ప ఆకర్షణ యయ్యెను. యంత్రముయొక్క అశక్తత వినోదముగా పరిణమించిన అరుదైన సందర్భములలో అది యొకటి. పిమ్మట నలువది యేండ్లకు పైగా అదే అశక్తత గేమింగ్ పీసీల యజమానులను వేధించుచున్నది.

సాధారణమైన తెర సెకండునకు 60 మారులు తన బొమ్మను మార్చుకొనును. అనగా ఒక్కొక్క ఫ్రేమును సిద్ధపరచుటకు గల గడువు 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే. ఈ స్వల్పావధిలో ప్రాసెసరు, పాత్ర లెచ్చట నున్నవో, తూటా యెవరికి తగిలినదో లెక్కించి, దేని నెచ్చట చిత్రింపవలయునో గ్రాఫిక్స్ కార్డున కాజ్ఞాపింపవలెను. కార్డు లక్షలకొలది త్రిభుజములను పరచి, వానికి వర్ణములను ఛాయలను కూర్పవలెను. 1996లో వచ్చిన 3డీఎఫ్‌ఎక్స్ వారి వూడూ కార్డు త్రిభుజములకు రంగులు నింపు పనిని చేపట్టగా, 1999లో ఎన్విడియా వారి జీఫోర్స్ 256 ఆ త్రిభుజముల స్థానమును, వానిపై బడు వెలుతురును గణించు భారమును గూడ ప్రాసెసరు తలపైనుండి దించెను. అయినను ప్రాసెసరు, కార్డు అను ఈ రెండింటిలో ఏది వెనుకబడినను రెండవది దానికై కాచుకొనక తప్పదు. కావుననే కొందరు కార్డునకు వేలు ధారపోసి, ప్రాసెసరును మాత్రము పాతదే యుంచుకొని, ఫలితము కానక నిట్టూర్చుదురు.

చిరకాలము ఈ యంత్రముల సామర్థ్యమును సెకండునకు సగటున ఎన్ని ఫ్రేములని మాత్రమే కొలుచుచుండిరి. 2011లో టెక్ రిపోర్ట్ అను వెబ్‌సైటునకు చెందిన స్కాట్ వాసన్ ఆ సెకండు లోపలికి తొంగిచూచి, ప్రతి ఫ్రేమునకు పట్టిన కాలమును విడివిడిగా గీతరూపమున ప్రకటించుటతో ఈ కొలతలోని మోసము బయటపడెను. ఒక సెకండులో 59 ఫ్రేములు 850 మిల్లీసెకండ్లలో చకచక వచ్చి, మిగిలిన ఒక్కటి 150 మిల్లీసెకండ్లు తీసికొన్న దనుకొందము. సగటు 60, లెక్కకు లోపము లేదు. కాని ఆ ఒక్కటి వచ్చులోపల తెర తొమ్మిది మారులు పాతబొమ్మనే చూపినది. ఆ క్షణముననే ఎదుటివాడు గోడచాటునుండి వెలికివచ్చినచో ఆట ముగిసినట్లే. మృదంగవిద్వాంసుడు కచ్చేరి యంతయు చక్కగా వాయించి ఒక్క ఆవర్తమున తాళము తప్పినచో, సభలో సగటు లెక్క వేయువా రెవరు?

తెర వేగమునకును కార్డు వేగమునకును పొందిక కుదురనిచో బొమ్మ నడుమ చీలినట్లు కనబడును. దానిని మాన్పుటకు పుట్టిన వీ-సింక్ అను కట్టుబాటులో, 16.7 మిల్లీసెకండ్ల గడువు రవ్వంత తప్పిన ఫ్రేము 33.3 మిల్లీసెకండ్ల వరకు వేచియుండవలసి, 60 ఫ్రేముల వేగము ఒక్కసారిగా 30కి దిగజారవచ్చును. 2013లో ఎన్విడియా వారు జీ-సింక్ అను పేరున, కార్డు సిద్ధమైనప్పుడే తెర బొమ్మను మార్చు పద్ధతిని ప్రకటించిరి. మరుసటి యేడు వెసా సంస్థ ఇట్టిదానినే అడాప్టివ్-సింక్ అను ప్రమాణముగా వెలువరించెను. చిన్న యెగుడుదిగుడులను ఇవి కప్పిపుచ్చగలవు గాని, 150 మిల్లీసెకండ్ల గుంటను పూడ్చలేవు.

ఆ గుంట ఎందువలన నేర్పడినదో దాని నడవడియే చాలవరకు చెప్పును. ఆట మొదట చక్కగా నడచి, అరగంట గడచినపిదప వేగము క్రుంగి మరి లేవనిచో వేడిమిని శంకింపవలెను: ప్రాసెసరు నూరు డిగ్రీల సెల్సియస్‌ను సమీపించునప్పటికి ఆత్మరక్షణార్థము తన వేగమును తానే తగ్గించుకొనును. ఫ్యాను వేగము మారనంతవరకు గదిలో వేడి యెంత పెరిగిన లోపలను దాదాపు అంత పెరుగును గనుక, చలికాలమున నిక్షేపముగా నడచిన పీసీ బెజవాడ రోహిణికార్తెలో మొరాయించుట వింత గాదు. దుమ్ముపట్టిన జాలీని తుడుచుటయే తొలి చికిత్స. క్రొత్త ప్రదేశమున ప్రవేశించినప్పుడెల్ల కుదుపు వచ్చినచో, కార్డులోని వీడియో మెమరీ చాలుచున్నదో లేదో చూచి, టెక్స్చర్ నాణ్యతను ఒక మెట్టు దింపవలెను. ల్యాప్‌టాప్‌నకు చార్జరు తగిలింపకయే ఆడువారికి నేను చెప్పదగిన దేమియు లేదు.

వీని యన్నిటికంటె చిత్రమైనది షేడరు కుదుపు. షేడరనగా ఉపరితలముపై వెలుగెట్లు పడవలెనో, మంట యెట్లు రగులవలెనో కార్డునకు చెప్పు చిన్న ప్రోగ్రాము. కార్డుల జాతు లనేకము, ఒక్కొక్కదాని యంత్రభాష వేరు. కావున నిర్మాతలు షేడర్లను మధ్యస్థరూపమున పంపగా, డ్రైవరు వానిని మన యింటి కంప్యూటరులోనే ఆ కార్డు భాషలోనికి మార్చును. ఈ మార్పు ముందుగా జరుగక ఆట నడుమ జరిగినచో, మొదటి బాంబు ప్రేలవలసినప్పుడు తెర స్తంభించును. రెండవది, మార్చిన రూపము డిస్కులో నిలువయున్నందున, నిరాటంకముగా ప్రేలును. డ్రైవరును మార్చిననాడు ఈ నిలువ సాధారణముగా చెల్లక తొలి కుదుపులు మరల వచ్చును. దానికి బెదరి వెంటనే ఇంకొక డ్రైవరును వేయువారు బాధను తామే పొడిగించుకొనుచున్నారు. 2022 డిసెంబరులో వెలువడిన ది కాలిస్టో ప్రోటోకాల్ అను ఆట పీసీపై విడుదలనాడే ఈ దోషమువలన అపకీర్తి మూటగట్టుకొనెను. ఆ యేడే వచ్చిన వాల్వ్ వారి స్టీమ్ డెక్ అను చేతి పీసీలో గ్రాఫిక్స్ చిప్పు అందరికిని ఒకే జాతిది యగుటచే, మార్చిన షేడర్లను ముందే పంపిణీ చేయుట వారికి సాధ్యమైనది. ఆట ప్రారంభమున షేడర్లు సిద్ధమగుచున్నవని తెర తెలుపునప్పుడు, దాటవేయక ఆ కొద్ది నిమిషములు ఓర్చుకొనుట లాభకరము.

అన్ని దోషములును ఆటగాని యేమరుపాటువలననే పుట్టునని తలపరాదు. విండోస్ 11 కోరు టీపీఎమ్ అను భద్రతాయంత్రాంగము, కొన్ని ఎఎమ్‌డి రైజెన్ కంప్యూటర్లలో, మదర్‌బోర్డుమీది ఫ్లాష్ మెమరీతో అప్పుడప్పుడు వ్యవహరించునప్పుడు యంత్రమంతయు క్షణకాలము నిలిచిపోవుచుండెను. ఇట్టిదానికి కార్డు మార్చినను, విండోస్ తిరిగి వేసినను ఫలితము శూన్యము. 2022 మార్చిలో ఎఎమ్‌డి సంస్థయే ఈ దోషము నంగీకరించి, మే నెలనుండి బయోస్ సవరణలు లభించునని ప్రకటించెను.

కావున తెర తడబడిన వెంటనే కార్డు కొనుటకు పరుగిడవలదు. ఇంటెల్ వారి ప్రెజెంట్‌మాన్ వంటి ఉచితసాధనముతో మొదట ఫ్రేముకాలపు గీతను చూడుడు. ఒక మారున కొక్క మార్పే చేసి, ఆటలోని అదే ఘట్టమును మరల ఆడి, పాతగీతతో క్రొత్తగీతను పోల్చుడు. రెండు మార్పులు కలిపి చేసినచో, తడబాటు పోయినను అది దేనివలన పోయినదో తెలియదు.